గరిక మీద గోల్ఫు

గోల్ఫు గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. కరువు గురించి, కౌలురైతు గురించి, భాష గురించి రాయవలసినవి ఇంకా ఎన్నో మిగిలి ఉండగా, డబ్బున్నవాళ్లు తెల్లవారుజామున ఆడుకునే ఆటకు ఇన్ని పేజీలెందుకని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి ముందుకు పోవడం మంచిది.

ఆమధ్య వికారాబాదులో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో ఒక యువకవి గోల్ఫు మీద కవిత చదివాడు. శంకర్‌పల్లి దాటి మా జిల్లాలోకి వచ్చే రోడ్ల పక్కన, గోల్ఫు పేరు తగిలించుకున్న విల్లాల ప్రకటనలు చూసి రాసిన కవిత అది. ఆవేశం ఉంది, మాటకు పదును ఉంది. అయితే ఆ కవితలో రెండు జట్లు బంతి కోసం కలబడతాయి, ఒకడు గోలు వేస్తాడు, జనం చప్పట్లు చరుస్తారు. గోల్ఫులో కలబడే జట్లు లేవు, గోలు లేదు. సమావేశం ముగిశాక ఆ అబ్బాయితో కాసేపు మాట్లాడాను. వాళ్ల నాన్నకు మూడెకరాల కంది చేను ఉంది. బ్రోకరు రెండుసార్లు వచ్చిపోయాడట. "గోల్ఫు వస్తది, మీ ఊరి పోరగాండ్లకు కొలువులొస్తయి" అన్నాడట. "ఏం కొలువులు సార్ అవి?" అని ఆ అబ్బాయి నన్ను అడిగాడు.

జవాబు వెతకాలనిపించింది. తెలియనిదాన్ని తిట్టడం తేలిక. కాని ఆ తిట్టు ఎదుటివాడికి తగలదు, నవ్వి ఊరుకుంటాడు. అందుకని ఆ ఆట చరిత్ర చదివాను, లెక్కలు వేశాను, ఒక స్నేహితుడి అతిథిగా వెళ్లి ఒక రౌండు ఆడాను కూడా. నేను తెలుసుకున్నది రెండు మాటల్లో చెప్పవచ్చు. ఈ ఆట లోపల ఒక గొప్ప న్యాయసూత్రం ఉంది. ఆ సూత్రం కంచె దగ్గరే ఆగిపోయింది. ఈ రెండిట్లో ఏ ఒక్కటి విడిచిపెట్టినా మన విమర్శ సగం విమర్శే అవుతుంది.

ఆట ఏమిటి?

మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. ప్రతి గుంటకూ ఆట మొదలుపెట్టే గద్దె ఒకటి ఉంటుంది, దాన్ని టీ అంటారు. అక్కడినుంచి వంద, మూడువందలు, ఒక్కోసారి ఐదువందల గజాల దూరంలో గుంట ఉంటుంది. మధ్యలో కురచగా కోసిన గడ్డి దారి ఫెయిర్‌వే. దాని పక్కన పెరిగిన గడ్డి రఫ్. అడ్డంగా ఇసుక గుంతలు, అవి బంకర్లు. చివర గుంట చుట్టూ చాపలాగా సాపుచేసిన పచ్చిక, అది గ్రీను. బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు. ఎవరు తక్కువ దెబ్బల్లో 18 గుంటలూ పూర్తిచేస్తే వారిది గెలుపు. మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ముందే లెక్కకట్టి పెట్టిన సంఖ్యను పార్ అంటారు. పెద్ద మైదానాలకు అది సాధారణంగా 72. ఒక రౌండుకు నాలుగు గంటలు పడుతుంది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక.

ఈ ఆటలో నాకు నచ్చినవి మూడు సంగతులు. మొదటిది, బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే కొట్టాలి. రాతి పక్కన పడిందనో, గుంతలో పడిందనో చేత్తో తీసి మంచిచోట పెట్టుకోవడానికి వీల్లేదు. నియమాలు ఒప్పుకునే మినహాయింపులు కొన్ని ఉన్నా మూలసూత్రం అదే. రెండోది, మామూలు ఆటలో పక్కన అంపైరు ఉండడు. ఎన్ని దెబ్బలు కొట్టాడో ఆటగాడే నిజాయితీగా చెప్పాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, హ్యాండికాప్ పద్ధతి.

నా స్నేహితుడు నాకంటే ఎంతో బాగా ఆడతాడనుకోండి. ఇద్దరం ఒకేచోట మొదలుపెట్టి ఒకే లెక్కన ఆడితే ఫలితం ముందే తెలిసిపోతుంది, అది పోటీ కాదు. అందుకని ఒక్కొక్కరి గత ఆటలను బట్టి ఒక సంఖ్య కడతారు. అతని సంఖ్య 12, నాది 24 అనుకుందాం. అతను 85 దెబ్బల్లో, నేను 95 దెబ్బల్లో ముగించామనుకుందాం. అతని లెక్కలోంచి 12 తీసేస్తే 73, నా లెక్కలోంచి 24 తీసేస్తే 71. గెలిచింది నేను. ఎవరూ దీన్ని దయ అనరు, అన్యాయం అనరు. బలవంతుడు బలహీనుడికి ముందుగానే కొంత వదిలిపెడితే తప్ప సమానమైన పోటీ ఉండదని ఆ ఆట పుస్తకంలోనే రాసి ఉంది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. రిజర్వేషన్ల మాట రాగానే "మెరిట్ ఏమైపోవాలి?" అని ఆవేదన పడే పెద్దమనుషులు చాలామంది ఈ క్లబ్బుల్లోనే కనిపిస్తారు. ఆదివారం ఉదయం వాళ్లే ఏ సంకోచం లేకుండా తమ 18 దెబ్బల వెసులుబాటు తీసుకుని బహుమతి కప్పు ఇంటికి తీసుకుపోతారు. సమానమైన గీత మీద నిలబెట్టినంత మాత్రాన సమానత్వం రాదని వాళ్లకు తెలియకపోలేదు. ఆటలో తెలుసు. ఆట బయట మరిచిపోతారు.

పుట్టినచోట ఎలా ఉంది?

ఈ ఆట స్కాట్లండులో పుట్టింది. సముద్రానికీ పొలానికీ మధ్య సాగుకు పనికిరాని ఇసుక మేటలు ఉండేవి. గొర్రెలు మేసేవి, ఊరివాళ్లు ఆడుకునేవారు. జనం ఎంతగా అలవాటు పడ్డారంటే, విలువిద్య సాధన దెబ్బతింటున్నదని 1457లో అక్కడి పార్లమెంటు ఫుట్‌బాల్‌తోపాటు గోల్ఫును కూడా నిషేధించింది. ఎడింబరా పక్కన లీత్‌లో 1744లో 13 నియమాలు రాసుకున్నారు. సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో 22 గుంటలను 18 చేశారు. ఆ లెక్కే తర్వాత లోకమంతటికీ స్థిరపడింది.

ఒక సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. గోల్ఫుకు కాశీలాంటి ఆ సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం ఈనాటికీ ఏ క్లబ్బు సొత్తూ కాదు. అది ప్రజల భూమి. 1974లో చేసిన ఒక చట్టం కింద ఏర్పడిన ట్రస్టు దాన్ని నిర్వహిస్తుంది. ఆదివారాలు మామూలుగా అక్కడ ఆట ఉండదు. ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చిక మీద నడుస్తారు. అలాగని స్కాట్లండంతా సమానత్వమని అనుకోనక్కరలేదు. ఆ ఊళ్లోనే ఉన్న రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా ఆగింది. అమెరికాలో అగస్టా క్లబ్బు మొదటి నల్లజాతి సభ్యుణ్ణి 1990లో, మొదటి స్త్రీ సభ్యులను 2012లో తీసుకుంది. వృత్తి ఆటగాళ్ల సంఘం తన నిబంధనావళిలో ఉన్న "తెల్లవారికి మాత్రమే" అన్న షరతును 1961లో గాని తొలగించలేదు. ఆట ఊరిది, క్లబ్బు వర్గానిది. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే మన దేశంలో జరిగింది అర్థమవుతుంది.

మన దగ్గరికి వచ్చిన తోవ

బ్రిటిషు దీవులకు బయట అన్నిటికంటే పాత గోల్ఫు క్లబ్బు 1829లో కలకత్తాలో వెలిసింది. 1911లో అయిదో జార్జి దర్బారుకు వచ్చినప్పుడు దానికి "రాయల్" బిరుదు దక్కింది. బెంగుళూరులో 1876లో క్లబ్బు ఏర్పడింది. మన సికింద్రాబాదు 1806లో ఏర్పడిన కంటోన్మెంటు. దొరల క్లబ్బులు, పరేడ్ మైదానాలు, గుర్రప్పందేలు అన్నీ ఆ దండుతోపాటే వచ్చాయి. సికింద్రాబాద్ క్లబ్బు 1878 నాటిది. దొరలకు ఇక్కడ కావలసింది ఆట ఒక్కటే కాదు. ఎండలో, దుమ్ములో, తమకు అర్థంకాని భాషల మధ్య, తమ దేశపు పచ్చిక ముక్క ఒకటి కావాలి. ఆ ముక్క చుట్టూ కంచె కావాలి. అలా ఊరి బీడులో పుట్టిన ఆట మన దేశంలోకి కంచెతో సహా దిగింది.

1947 తర్వాత దొరలు వెళ్లిపోయారు, కంచె నిలిచింది. లోపలికి అధికారులు, సైనికాధికారులు, వ్యాపారులు వచ్చారు. గోడమీది పటాలు మారాయి, గుమ్మంలోని నియమాలు మారలేదు. 2014లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పంచె కట్టుకుని వచ్చారని ఒక క్రికెట్ క్లబ్బు లోపలికి రానివ్వలేదు. దాంతో అదే ఏడు తమిళనాడు శాసనసభ క్లబ్బుల దుస్తుల ఆంక్షల మీద చట్టమే చేయవలసి వచ్చింది. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో సంప్రదాయ దుస్తులు ధరించిన ఒక ఖాసీ స్త్రీని భోజనశాలనుంచి లేచిపొమ్మన్నారన్న వార్త దేశమంతా పాకింది. న్యాయమూర్తికే పంచె అడ్డమైన చోట మా తాండూరు బండల గనిలో పనిచేసే మనిషికి దారి ఎక్కడుంటుంది?

నేను ఆడిన రౌండు

హైదరాబాదు చుట్టుపక్కల ఒక మైదానంలో ఆడాను. పేరు ఇక్కడ అనవసరం. అన్నిటి అమరికా ఒకటే. కాలరు ఉన్న చొక్కా వేసుకు రమ్మని స్నేహితుడు ముందే చెప్పాడు. కర్రలు అతనివే. ఉదయం ఆరుకు మొదలుపెట్టాం. నాకు ఒక క్యాడీని కుదిర్చారు. పాతికేళ్ల కుర్రవాడు. పన్నెండు పదమూడు కిలోల సంచిని భుజాన వేసుకుని ముందు నడిచాడు.

మొదటి గుంట దగ్గర నా కర్ర బంతిని తాకనే లేదు. రెండోసారి గడ్డి ఎగిరింది. అతను మెల్లగా అన్నాడు: "సార్, మీరు బంతి యాడ పడ్తదో అని ఆకాశం దిక్కు చూస్తున్నరు. బంతి ఇంక కిందనే ఉన్నది." ఆ ఒక్క మాటతో నాకు ఆట మొదలయింది. ఏ గుంటకు ఏ కర్ర తీయాలో, గాలి ఎటుందో, గ్రీను ఎటు వాలి ఉందో అతనికి చూడకుండానే తెలుసు. ఏడో గుంట దగ్గర, "ఈడ కుడిదిక్కు నేల కండ్లకు కనపడకుండ దిగుతది, రెండు జానలు ఎడమకు కొట్టుండ్రి" అన్నాడు. కొట్టాను. బంతి వంకరగా దొర్లి గుంట అంచున ఆగింది. ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని దాచుకోవడం ఎందుకు? ఆ ఆటలో అందం ఉంది. తెల్లవారి వెలుగు, నిశ్శబ్దం, చేతికి కర్ర అందించే ఆ చిన్న అదురు, ఇవన్నీ మనిషికి ఇష్టమైనవే. శ్రమించే మనిషికి కూడా ఇవి దక్కాలన్నదే అభ్యుదయవాదం, ఇవి చెడ్డవని చెప్పడం కాదు.

"ఏ ఊరు తమ్మీ మీది?" అని అడిగాను.

"బషీరాబాద్ దిక్కు సార్. తాండూరు అవతల."

మా ఊరి పక్కవాడే. క్లబ్బు వరండాలో పరిచిన నీలి నాపరాళ్లను చూపించి, "ఇవి మన దిక్కు బండలే సార్, మా నాయిన కొట్టినయే కావచ్చు" అని నవ్వాడు. తర్వాత తన పనిపేరు మీద కూడా ఒక చలోక్తి విసిరాడు: "ఏం పేరు పెట్టిన్రు సార్ మాకు! మా ఊళ్ల కాడి అంటె ఎడ్ల మెడ మీద ఏసేది." నిజానికి ఆ మాట ఫ్రెంచిలో పడుచువాడు అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. కాని మన చెవికి వినిపించే అర్థమే దాని పనికి దగ్గరగా ఉంది.

ఈ దేశంలో చాలా మైదానాల్లో క్యాడీ ఎవరి ఉద్యోగీ కాదు. ఆటగాడు వస్తే రౌండుకింత అని కూలి. వాన పడి ఆట లేకపోతే కూలి లేదు. నెల జీతం, భవిష్యనిధి, గాయమైతే పూచీ సాధారణంగా ఉండవు. సంచిని బ్యాటరీ బండి మోసే చోట ఆ కూలి కూడా తగ్గుతుంది. మైదానం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడికి ఆ మైదానంలో హ్యాండికాప్ సంఖ్య ఉండదు. నేను అడిగితే, "మాకు ఆడనిచ్చే రోజు ఒకటి ఉంటది సార్, ఆనాడు ఆడ్తం" అన్నాడు. "ఎంతల ముగిస్తవు?" అంటే కొంచెం సిగ్గుపడి, "ఎనభై లోపల" అన్నాడు. సంచి మోయించుకున్న నేను నూటపాతిక దాటాను.

అవకాశమిస్తే ఏమవుతుందో చరిత్ర చెబుతూనే ఉంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లోనూ 1993లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. రాయల్ కలకత్తా మైదానంలో గడ్డి సంరక్షకుడి కొడుకు శివశంకర ప్రసాద్ చౌరాసియా 2016లో, 2017లో అదే పోటీ గెలిచాడు. వీళ్లు ఆ వ్యవస్థ ఉదారతకు రుజువులని క్లబ్బులు చెప్పుకుంటాయి. కాదు. కంచె సందులోంచి ఇద్దరు దూరి ఇంత సాధిస్తే, కంచె వల్ల ఎందరు బయట మిగిలారో చెప్పే రుజువులు.

గరిక, నీళ్లు, నేల

మన వేడి ప్రాంతాల గోల్ఫు మైదానాల్లో ఎక్కువగా పెంచే గడ్డిని బెర్ముడా అంటారు. విదేశీ పేరు విని ఏదో దొరల గడ్డి అనుకుంటాం. వృక్షశాస్త్రం ప్రకారం అది మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరిక, చేలో మొలిస్తే రైతు గుండెలు బాదుకుని వేళ్లతో సహా తవ్విపోసే గరిక. దానికీ ఆఫ్రికా గరికకూ అంటు కలిపిన సంకరజాతుల్ని మైదానాల్లో పరుస్తారు. అదే గడ్డి, ఒక కంచెకు ఇవతల కలుపు, అవతల సంపద. ఏది కలుపో ఏది పైరో నిర్ణయించేది నేల ఎవరి చేతిలో ఉందన్న సంగతే.

గరిక మొండిది, వానకు బతుకుతుంది. కాని ఏడాదంతా పచ్చగా ఉండాలంటే నీళ్లు కావాలి. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలనుకుంటే ఎకరానికి దాదాపు 20 వేల లీటర్లు. 18 గుంటల మైదానంలో తడిపే గడ్డి 60 ఎకరాలే అనుకున్నా రోజుకు 12 లక్షల లీటర్లు. గ్రామీణ మంచినీటి పథకాల్లో కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ లెక్కన అది సుమారు 22 వేల మంది నీళ్లు, అంటే కొన్ని ఊళ్ల నీళ్లు.

ఇది మా ప్రాంతంలో ఉత్త అంకెల లెక్క కాదు. మూసీ మా వికారాబాదు అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. 1908 వరద తర్వాత ఆ నది మీద కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు హైదరాబాదుకు తరాలపాటు దాహం తీర్చింది. ఆ చెరువునూ హిమాయత్‌సాగర్‌నూ కాపాడడానికి 1996లో 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షల్ని సడలించింది. నగరం పడమరకు పాకుతుంటే భూమి ధర కూడా దానితోపాటు పాకుతూ ఏటి పుట్టుక దాకా వస్తున్నది.

ఇక నేల లెక్క. ఇలాంటి మైదానానికి 120 నుంచి 200 ఎకరాలు పడుతుంది. 150 అనుకుందాం. నలుగురేసి చొప్పున రోజంతా ఆడినా నూటయాభై, రెండువందల మందికి మించరు. అంటే మనిషికి దాదాపు ఎకరం. కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక ఎకరంలో ముప్పై బరులు పడతాయి, ఒకేసారి నాలుగు వందలమంది ఆడవచ్చు. కందిలో చెప్పాలంటే, ఎకరానికి మూడు క్వింటాళ్లే పండినా ఆ 150 ఎకరాల్లో 450 క్వింటాళ్లు. సున్నపురాతి మీది మా నల్లరేగడిలో పండే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చిన పంటకు నేల మిగలాలి కదా!

కంది పండించి బతకడం సుఖమని నేను అనడం లేదు. వాన తప్పితే పంట లేదు, పంట వస్తే ధర లేదు. ఆ యువకవి తండ్రి అమ్మితే అది అతని తప్పు కాదు. కాని బ్రోకరు చెప్పిన కొలువులేమిటో అతనికి తెలియాలి. గడ్డి కోయడం, నీళ్లు పట్టడం, గేటు కాయడం, వంటగదిలో గిన్నెలు కడగడం, సంచి మోయడం. తన చేలో తానే రోజుకూలి. అదైనా నిజంగా మైదానం వస్తే. చాలాచోట్ల గోల్ఫు అన్నది ప్లాటు ధర పెంచడానికి బోర్డు మీద రాసే మాట మాత్రమే.

చరిత్రకూ ఈ కంచె తగులుతుంది. గోల్కొండలో నయాఖిల్లా ఉంది. 1656లో ఔరంగజేబు ముట్టడి చూశాక కోట బలహీనమైన వైపును కాపాడుకోవడానికి అబ్దుల్లా కుతుబ్‌షా కట్టించిన భాగం అది. లోపల కుతుబ్‌షాహీల నాటి తోట ఆనవాళ్లు, ముల్లా ఖయాలీ మసీదు, "హాథియోం కా ఝాడ్" అని పిలిచే మహావృక్షం ఉన్నాయి. ఇప్పుడు వాటి చుట్టూ గోల్ఫు మైదానం ఉంది. ఆ నేలను పురావస్తు సంపదగా చూడాలా, ఆటస్థలంగా చూడాలా అన్న వివాదం చాలా ఏళ్లు నడిచింది. మణికొండ దగ్గర గోల్ఫు మైదానంతోపాటు విల్లాలకూ హోటలుకూ కలిపి ప్రభుత్వ సంస్థ 535 ఎకరాలు ఇచ్చిన వ్యవహారం మీద 2011లో హైకోర్టు ఆదేశంతో సి.బి.ఐ. దర్యాప్తు నడిచింది. ఒకటి ప్రజల జ్ఞాపకం, ఒకటి ప్రజల భూమి. రెండుచోట్లా ప్రశ్న ఒకటే.

సాహిత్యంలో ఆట

మన రచయితలకు ఆటలు తెలియనివి కావు. గురజాడ కన్యాశుల్కంలో పేకాట పెట్టి ఒక సమాజపు చీకటి బేరాలన్నీ ఆ ముక్కల చుట్టూ చూపించాడు. ప్రేమ్‌చంద్ చదరంగపు పలక ముందు కూర్చున్న ఇద్దరు లక్నో జాగీర్దారులతో ఒక రాజ్యం కూలిపోవడం చెప్పాడు. వెస్టిండీస్ మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో క్రికెట్ మీద రాసిన పుస్తకం వలసపాలన అంతరంగాన్ని విప్పింది. అమెరికాలో సారా క్లెగ్‌హార్న్ అనే కవయిత్రి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గోల్ఫు మైదానాన్నీ, పక్క మిల్లులో పనిచేసే పసిపిల్లల్నీ ఎదురెదురుగా నిలిపి నాలుగే పాదాల కవిత రాసింది. బాలకార్మిక వ్యవస్థ మీద పెద్ద పెద్ద ఉపన్యాసాలు మరుగునపడ్డా ఆ నాలుగు పాదాలు బతికున్నాయి. కారణం, ఆమె తిట్టలేదు, చూపించింది.

వీళ్లందరిలో సమానమైన గుణం ఒకటే. ఆటను లోపలినుంచి తెలుసుకుని రాశారు. తెలుగులో బండల కార్మికుడి కథ ఉంది, రిక్షా కార్మికుడి కథ ఉంది. సంచి భుజాన వేసుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిచే బషీరాబాదు కుర్రవాడి కథ నాకింకా ఎదురుపడలేదు. అతని కంటికి ఆ నేల వాలు ఎలా కనిపిస్తుందో తెలిస్తేనే ఆ కథ వస్తుంది.

హవానా పాఠం

1961 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో, చే గువేరా హవానా కంట్రీ క్లబ్బు మైదానంలో గోల్ఫు ఆడారు. విప్లవానికి ముందు అది ధనికుల విలాస కేంద్రం. అక్కడే వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది: పల్లె పిల్లలకు, కార్మికుల పిల్లలకు సంగీతం, నాట్యం, చిత్రకళ, నాటకం నేర్పే జాతీయ కళాశాలలు ఇక్కడ ఎందుకు కట్టకూడదని. రికార్డో పోరో, విటోరియో గరాటీ, రోబెర్టో గొటార్డీ అనే ముగ్గురు వాస్తుశిల్పులు ఇటుకలతో, వంపు కప్పులతో ఆ పచ్చిక మధ్య అద్భుతమైన కట్టడాలు లేపారు. 1965లో డబ్బు చాలక, విధానాలు మారి పని ఆగింది. కొన్ని భవనాలు పూర్తికాకుండానే చెట్లలో కలిసిపోయాయి. ఈ రెండో సగం కూడా మనం చెప్పాలి. కంచె తీయడం ఒక్కరోజు పని. ఆ నేలను జనం సొంతంగా నిలబెట్టడం పదుల ఏళ్ల పని.

చేయవలసింది

గోల్ఫును నిషేధించమని నేను కోరను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు గోల్ఫంటే తెలియని ఇళ్లలో కూడా తెల్లవారే టీవీ పెట్టుకున్నారు. ఆటకు జనం అంటరానివాళ్లు కారు, జనానికి ఆట అంటరానిది కాదు. కోరవలసింది హ్యాండికాప్ సూత్రాన్ని కంచె బయటికి తీసుకురమ్మని. ప్రజల భూమి మీద ఉన్న మైదానంలో వారానికొక రోజు ప్రజలు నడవాలి, సెయింట్ ఆండ్రూస్‌లో లాగే. గడ్డికి మంచినీళ్లు కాదు, శుద్ధిచేసిన మురుగునీళ్లు వాడాలి. అలా వాడే మైదానాలు ప్రపంచంలో లేకపోలేదు. క్యాడీని ఉద్యోగిగా గుర్తించి జీతం, భద్రత ఇవ్వాలి. అతని పిల్లలకు ఆట నేర్చుకునే హక్కు ఉండాలి. ఇవేవీ విప్లవం దాకా ఆగవలసిన పనులు కావు.

వీటన్నిటికంటే ముందు పని ఒకటుంది. చేను అమ్మమని బ్రోకరు వచ్చిన ప్రతి ఊళ్లో ఈ మూడు లెక్కలూ రచ్చబండ మీద చదివి వినిపించాలి: ఎన్ని ఎకరాలు పోతాయి, రోజుకు ఎన్ని లీటర్లు పోతాయి, వచ్చే కొలువులు ఏవి. సంతకం పెట్టాలో వద్దో ఆ తర్వాత రైతు తేల్చుకుంటాడు. లెక్క తెలిసి పెట్టిన సంతకం వేరు, తెలియక వేసిన వేలిముద్ర వేరు.